నలభై సెకన్ల అల

హాల్వర్ గదిలోకి తెల్లచొక్కాతో ఎవరూ వెళ్ళడానికి వీల్లేదు. తలుపు పక్కన కొక్కేనికి మూడు నల్ల స్వెట్టర్లు వేలాడుతుండేవి. రాజుగారొచ్చినా వాటిలో ఒకటి తొడుక్కునే లోపల అడుగుపెట్టాలి. ఒకసారి మా సంస్థ డైరెక్టరు ఆ మాట లెక్కచెయ్యకుండా తెల్లచొక్కాతో వచ్చి, తెర ముందు నిలబడి నాలుగు మాటలు మాట్లాడి పోయాడు. నెల తర్వాత ఆ ఫిల్ము ఓస్లోలో కడిగించుకుని తెచ్చాం. ఆనకట్ట తలుపుల్లోంచి నీళ్ళు దూకుతున్నాయి, ఆ నీళ్ళ మధ్యలో ఒక బొజ్జ, మూడు గుండీలు. తెర గాజులో పడ్డ నీడను కెమెరా పట్టేసింది. "మన సంస్థ తీసిన బొమ్మల్లో ప్రాణమున్నది ఇదొక్కటే" అన్నాడు హాల్వర్, మొహంలో నవ్వన్నది లేకుండా.

ట్రోన్‌హైమ్‌లో నీళ్ళ లెక్కలు కట్టే సంస్థ మాది. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు నాటి మాట. కంప్యూటరు ఒక్క బొమ్మ గీయడానికి నాలుగు నిమిషాలు తీసుకునేది. గీసినదాన్ని దాచుకోవడానికి దాని దగ్గర చోటు ఉండేది కాదు, తర్వాతి బొమ్మ వచ్చి ముందుదాన్ని తుడిచేసేది. అందుకని తెర మీద ఉండగానే దాన్ని ఫిల్ము మీదికి ఎత్తుకోవాలి. అదే హాల్వర్ ఉద్యోగం. నేలకు బోల్టులతో బిగించిన ఇనుప స్తంభం, దాని మీద పదహారు మిల్లీమీటర్ల కెమెరా. తెర నలుపు తెలుపుది కాబట్టి ఎర్ర గాజు అడ్డం పెట్టి ఒకసారి, ఆకుపచ్చది పెట్టి ఒకసారి, నీలంది పెట్టి ఒకసారి మీట నొక్కేవాడు. మూడూ ఒకదాని మీద ఒకటి పడి ఒక రంగుల బొమ్మ అయ్యేది. ఫిల్ము మీద అలాంటివి ఇరవై నాలుగు కూడితే ఒక్క సెకను. వల అల్లేవాడి పని కూడా ఇంతకంటే చకచకా సాగుతుంది.

నేను రాన్వైని. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పక్కగదిలో కూర్చుని అంకెల్ని బొమ్మలుగా మార్చే ప్రోగ్రాములు రాసేదాన్ని. బొమ్మ సిద్ధం కాగానే నేను గోడ మీద ఒకసారి కొట్టేదాన్ని. తీయడం అవగానే అటునుంచి అతను రెండుసార్లు కొట్టేవాడు. మూడేళ్ళపాటు మా ఇద్దరి మాటామంతీ చాలావరకు అదే.

హాల్వర్‌కు అప్పుడు యాభై రెండు. బయటి దీవుల్లో పుట్టాడు. తండ్రికి కాడ్ చేపల పడవ ఉండేది. పన్నెండో ఏటే తండ్రితో, అన్నలతో పడవెక్కాడు. ఇరవై ఎనిమిదో ఏట వల లాగే చక్రంలో ఎడమచెయ్యి పడి నలిగింది. ఆ చేత్తో తాడు పట్టడం ఇక కుదరలేదు. ఆస్పత్రిలో ఉన్న మూడు నెలల్లో అక్కడి ఎక్స్‌రే గదిలోవాళ్ళతో స్నేహం చేసి, పని నేర్చుకుని, అక్కడే కుదురుకున్నాడు. అట్నుంచి మా దగ్గరికి వచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు, అక్క ఇంట్లో ఉండేవాడు. క్రిస్మస్‌కు దీవికి వెళితే అన్నలు "వచ్చాడ్రా చీకటిగది చేప" అని వెక్కిరించేవాళ్ళట. అదొక్కటి అతనికి ముల్లులా ఉండిపోయింది. క్యాంటీన్‌లో కూర్చుని కిటికీలోంచి ఓ చూపు చూసి "ఇవాళ దీవులవతల రెండు మీటర్ల అల ఉంటుంది" అని చెప్పేవాడు. సాయంత్రం రేడియోలో వాతావరణం వచ్చేదాకా ఆగి, "విన్నావా?" అనేవాడు. సముద్రం తనను వదల్లేదని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి, అదీ అతని గోల.

ఆ ఏడు వేసవిలో స్కార్విక్ పని వచ్చింది. సముద్రపు పాయ ఒడ్డున చిన్న ఊరు. పాయకు అవతల, రెండు కిలోమీటర్ల దూరంలో, నిటారు కొండ. ఆ కొండ నెత్తిన ఒక చీలిక ఉంది, అది ఏటా మూడు వేళ్ళ మందం తెరుచుకుంటోంది. ఏదో ఒకనాడు అది విరిగి నీళ్ళలో పడుతుంది. పడితే లేచే అల ఇవతలి ఒడ్డుకు వస్తుంది. ఇవతలి ఒడ్డున, నీటి అంచునే, ఇరవై ముగ్గురు పిల్లలున్న బడి. బడిని పై రోడ్డుకు మార్చాలా వద్దా అని ఊరివాళ్ళు నాలుగేళ్ళుగా కొట్టుకుంటున్నారు. ఆ బడిని వాళ్ళ తాతలు సొంత చేతులతో కట్టారు, పైగా పై రోడ్డు మీద చలికాలమంతా ఎండ పొడ తగలదు. అందుకని పంచాయతీవాళ్ళు మమ్మల్ని ఒక ఫిల్ము చేసిమ్మన్నారు. చూసి ఓటేస్తామన్నారు.

లెక్క కట్టింది సీగ్రున్. మా సంస్థలో గణితం ఆమెదే, డాక్టరేటు కూడా ఉంది. తూర్పు లోయల్లో పాడి ఇంట్లో పుట్టిన మనిషి, ముక్కుసూటిది. కొండ నీళ్ళలో పడ్డ క్షణం నుంచి బడి గుమ్మానికి నీళ్ళు చేరేదాకా నలభై సెకన్లు అని తేల్చింది. మా ఇద్దర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"తెర మీద కూడా నలభై సెకన్లే ఉండాలి. రంగులు మీ ఇష్టం, నురుగు మీ ఇష్టం. కాలం మాత్రం ముట్టుకోకండి. ఈ సినిమా ప్రాణమంతా కాలంలోనే ఉంది."

మొదట నాలుగువందల ఎనభై బొమ్మలు గీయించి, ఒక్కోదాన్ని రెండుసార్లు తీశాం. మా గదిలో అదే అలవాటు, సగం శ్రమ తప్పుతుంది. లెక్కకు సరిగ్గా నలభై సెకన్లే వచ్చింది గానీ అల కుంటుకుంటూ వచ్చింది. అప్పుడు నేను ప్రోగ్రాము మార్చి, ప్రతి రెండు బొమ్మల మధ్యా ఇంకో బొమ్మ గీయించాను. తొమ్మిదివందల అరవై అయ్యాయి. ఇప్పుడు ఒక్కోదాన్ని ఒక్కసారే తీస్తే చాలు, అవే నలభై సెకన్లు, కుంటు లేకుండా. ఈ కొత్తవాటిలో మొదటి వందను ఒక్కసారి చొప్పునా, పాత అలవాటు కొద్దీ రెండుసార్ల చొప్పునా తీసి పరీక్షకు ఓస్లో పంపాడు హాల్వర్. అవి వచ్చిన రోజు గోడ మీద వేసి చూశాం. సీగ్రున్ అప్పుడు ఊళ్ళో లేదు, బెర్గన్‌లో పాఠాలు చెబుతోంది.

ఒక్కో బొమ్మా ఒక్కసారే తీసిన ముక్క ముందు వేశాడు. అల దూసుకొచ్చింది.

"తొట్టిలో నీళ్ళు" అన్నాడు మొహం చిట్లించి. "పిల్లాడు స్నానం చేస్తూ చెయ్యి కొట్టినట్టుంది. పెద్ద నీరు ఇలా పరుగెత్తదు."

రెండోది వేశాడు, ఒక్కో బొమ్మా రెండుసార్లు తీసింది. అల మెల్లగా లేచి, ఒళ్ళు విరుచుకుని, నీలం మీద ఆకుపచ్చ జారుతుండగా ముందుకు వచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. మా యంత్రంలోంచి అలాంటిది వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"అదీ నీరంటే! నిండుకుండ తొణకదు. నేను చూశానుగా, ఇల్లంత అల కూడా తొందరపడదు. సీగ్రున్‌కేం తెలుసు, ఆవుల మధ్య పెరిగింది" అన్నాడు.

"ఇది చాలా బావుంది" అన్నాను నేను.

"బావుండటం కాదు, ఇదే నిజం."

"మరి నలభై సెకన్లు ఎనభై అయిపోతాయిగా...?"

"లెక్కలో ఎక్కడో తప్పుంది. కళ్ళతో చూసినవాడికి తెలుస్తుంది."

"ఫోన్ చేసి అడుగుదామా?"

"అడిగితే వద్దంటుంది" అన్నాడు. అతను దాపరికం లేకుండానే అన్నాడు, నేను దాపరికం లేకుండానే నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. లెక్క తప్పు కాదని నాకు తెలుసు. ఆ లెక్కను మూడు నెలలు వరసకు వరస ప్రోగ్రాములోకి ఎక్కించింది నేను. అయినా అంత అందమైనదాన్ని పాడుచేయబుద్ధి కాలేదు.

పదకొండు రోజులు పట్టింది. నేను ఒకసారి కొడితే అతను రెండుసార్లు కొట్టాడు, తొమ్మిదివందల అరవై సార్లు. కడిగిన ఫిల్ము ఊరి సమావేశం రోజు పొద్దున్నే విమానంలో దిగింది. డబ్బా మీద చీటీలో చిన్న అక్షరాలతో "ఒక్కోటి రెండేసి" అని హాల్వరే రాసి పంపాడు, అది అలాగే ఉంది. బెర్గన్ నుంచి తిరిగొచ్చిన సీగ్రున్ ఆ చీటీ చదవలేదు. చదవకపోతే బావుండునని నేను కారులో ఆ డబ్బాను ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చున్నాను.

స్కార్విక్ ఊరి హాలు నిండిపోయింది. కాఫీ, వాఫుల్ అట్ల వాసన. సీగ్రున్ పది నిమిషాలు మాట్లాడి, "ఇప్పుడు చూడండి, కాలం ఉన్నదున్నట్టే ఉంటుంది, ఎక్కువా తక్కువా లేదు" అని చెప్పి దీపాలు ఆర్పమంది. హాల్వర్ ప్రొజెక్టరు తిప్పాడు. కొండ పడింది. అల లేచింది, రాజసంగా నడుచుకుంటూ వచ్చింది, వచ్చి వచ్చి బడి గోడను తాకింది. నేను మనసులో లెక్కపెడుతూనే ఉన్నాను. ఎనభై.

ఎవరో ముసలాయన చీకట్లోనే అన్నాడు. "అబ్బ, ఏం నీరయ్యా! ఇది తీసినవాడెవడో పడవ మీద పుట్టినవాడే."

ప్రొజెక్టరు వెలుగులో హాల్వర్ చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. ఇరవై నాలుగేళ్ళుగా ఎవరి నోట వినాలని ఎదురుచూశాడో ఆ మాట ఒక చేపలాయన నోటే విన్నాడు. ఆ క్షణం అతను సంతోషించాడు, అతన్ని చూసి నేనూ సంతోషించాను. ఉన్న మాట చెప్పాలి కదా.

దీపాలు వెలిగాయి. రేవులో పడవలు బాగుచేసే గుత్తోర్మ్ లేచాడు. బడి కదలకూడదనేవాళ్ళకు పెద్ద అతనే. అతని కూతురు అదే బడిలో మూడో తరగతి. చేతి గడియారం పైకెత్తి చూపించాడు.

"బావుందమ్మా డాక్టరమ్మా. నేను గడియారం పెట్టి చూశాను, ఎనభై సెకన్లు. ఎనభై సెకన్లలో మా అమ్మ కుంటికాలితో పై రోడ్డెక్కి, కళ్ళజోడు మర్చిపోయానని దిగొచ్చి, మళ్ళీ ఎక్కుతుంది!"

హాలంతా గొల్లుమంది. సీగ్రున్ మొహం పాలిపోయింది.

"ఎనభై కాదు, నలభై" అంది. "ఇది... నెమ్మదిగా తిరిగింది. ప్రొజెక్టరు ఒకసారి చూడండి."

"ఇదెక్కడి గొడవమ్మా! సినిమా తెచ్చిందీ నువ్వే, ఉన్నదున్నట్టన్నదీ నువ్వే, తీరా చూశాక అబద్ధమంటున్నదీ నువ్వే. ముందు మీలో మీరు ఒక మాట మీదికి రండి." మళ్ళీ నవ్వులు. గుత్తోర్మ్ ప్రొజెక్టరు వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వు మనలాంటివాడిలా ఉన్నావు, నువ్వు చెప్పు. నీ మిషను చెడిందా?"

"లేదు. మిషను బాగానే ఉంది" అన్నాడు హాల్వర్.

"మరి బొమ్మల్లో తప్పుందా?"

హాల్వర్ ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకున్నాడు. సీగ్రున్ అతని వైపు చూస్తోంది. నేను నేల చూపులు చూస్తున్నాను.

"బొమ్మలు కంప్యూటరు గీసినవే. ఒక్కటి కూడా వదల్లేదు."

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నిజాలన్నీ ఒకచోట పేర్చి ఇంత పెద్ద అబద్ధం కట్టొచ్చని నాకు అప్పుడే తెలిసింది. చేతులెత్తించారు. కదలకూడదని అరవై ఒకటి, కదలాలని ముప్పై నాలుగు. బడి నీటి అంచునే ఉండిపోయింది.

తిరుగు ప్రయాణంలో, కార్లను పాయ దాటించే పెద్ద పడవ మీద, ముగ్గురం కారు దిగకుండా కూర్చున్నాం. సీగ్రున్ అడిగింది.

"ఒక్కోటి రెండుసార్లా?"

"అవును" అన్నాడు.

"ఎందుకు?"

"పెద్ద నీరు నెమ్మదిగా కదులుతుంది, సీగ్రున్. నేను చూశాను."

"నువ్వు ఎప్పుడూ పడవలో ఉండి చూశావు. అల నీ కిందనుంచి పోయింది. ఎదురుగా ఒడ్డు మీద ఎప్పుడూ నిలబడలేదు."

ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసింది. "నీకు తెలుసా, రాన్వై?"

"నేను బొమ్మలు పంపాను, అంతే" అన్నాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, అడగని మాటకు కూడా జవాబు చెప్పాను. "ఎలా తీశాడో నేను చూడలేదు."

హాల్వర్ ముందు సీట్లో ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. నన్ను బయటపెట్టలేదు, ఆ రోజే కాదు, ఎప్పుడూ.

సీగ్రున్ పంచాయతీకి ఉత్తరం రాసింది. ఓటు అయిపోయిందనీ, నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ పరిశీలిస్తామనీ జవాబొచ్చింది. అక్కడి పత్రిక "తన సినిమాను తానే నమ్మని లెక్కల మేడమ్" అని రాసి నవ్వుకుంది. ఆమె ఆ కాగితం ముక్కను మాకెవరికీ చూపించలేదు. క్యాంటీన్‌లో ఎవరో గోడకు అంటించారు, అలా తెలిసింది. దాన్ని హాల్వర్ చింపేశాడు. చింపితే సరిపోదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

దానికి తోడు ఆ శీతాకాలం అదే ఫిల్మును మా డైరెక్టరు స్టాక్‌హోమ్ సదస్సుకు పంపాడు. కంప్యూటరు గీసిన నీళ్ళు ఇంత సహజంగా ఉండటం ఇదే మొదలని అక్కడ నిలబడి చప్పట్లు కొట్టారట. హాల్వర్ పేరు చెక్కిన ఇత్తడి పలక ఒకటి పంపారు. అతను దాన్ని సొరుగులో పెట్టి, మీద పాత గుడ్డలు కప్పాడు. నేను గోడ మీద కొడితే బదులు కొట్టడం మానేశాడు. పని అయ్యాక లేచి వచ్చి, తలుపు దగ్గర నిలబడి "అయింది" అనేవాడు.

జనవరిలో ఒకరోజు అడిగాడు. "ఆ తొమ్మిదివందల అరవై మళ్ళీ గీయిస్తావా?"

నేను ఎందుకని అడగలేదు. ఆఫీసు పని తక్కువున్న మధ్యాహ్నాల్లో ఆరువారాలు కూర్చుని మొత్తం మళ్ళీ తీశాడు, ఒక్కోటి ఒక్కసారి. ఫిల్ము వచ్చాక ఒక్కడే తలుపేసుకుని చూశాడు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టుకున్నాడు. వారాలు గడుస్తున్నా అది అక్కడే ఉంది.

"పంపలేదేం?" అన్నాను ఉండబట్టలేక.

"దాంతోపాటు ఒక ఉత్తరం రాయాలి కదా" అన్నాడు.

ఆ ఉత్తరం అతను రాయలేదు. రాద్దాం పట్టు అని నేనూ అనలేదు. అంటే అందులో నా పేరు కూడా రాయాలి.

ఏప్రిల్ చివర్లో స్కార్విక్ నుంచే ఉత్తరం వచ్చింది, హాల్వర్ పేరు మీద. రాసింది ఆస్లౌగ్, ఆ బడి పంతులమ్మ. హాల్వర్ చదివి, నా గదిలోకి వచ్చి, నా ముందు పెట్టి నిలబడ్డాడు.

"ప్రియమైన హాల్వర్, మీకు కృతజ్ఞతలు చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. బడి మారాలని చెయ్యెత్తినవాళ్ళలో నేనొకదాన్ని. ఓడిపోయాం, సరే. కానీ మీ ఫిల్ము వల్ల మాకు ఎంత సమయం ఉందో కచ్చితంగా తెలిసింది. నవంబరు నుంచి ప్రతి మంగళవారం పిల్లల చేత సాధన చేయిస్తున్నాను. నేను గంట కొడతాను, అందరూ పుస్తకాలు వదిలేసి పై రోడ్డుకు పరుగెత్తుతారు. మొదట రెండు నిమిషాలు పట్టింది. చిన్నవాళ్ళ చేతులు పెద్దవాళ్ళు పట్టుకోవాలని నియమం పెట్టుకున్నాం. మంచులో కూడా మానలేదు. పోయిన వారం డెబ్బై ఆరు సెకన్లలో చేరాం! నాలుగు సెకన్లతో అలను ఓడించామని పిల్లలు కేక్ చేసుకున్నారు. ఈ సంగతి సినిమా తీసిన ఆయనకు రాయమని వాళ్ళే అడిగారు."

కింద ఇరవై మూడు సంతకాలు. కొన్నిటిలో అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. ఊరివాళ్ళు మోసపోయి నవ్వుకున్నారంటే ఏదోలా సర్దిచెప్పుకోగలిగాను. వీళ్ళు మమ్మల్ని నమ్మి, ఆ నమ్మకంతో చలికాలమంతా మంచులో పరుగెత్తారు.

"డెబ్బై ఆరు" అన్నాడు హాల్వర్.

నా బల్ల మీద ఫోన్ అందుకుని బడికి చేశాడు. ఆస్లౌగ్ గొంతు నాకు కూడా వినిపిస్తోంది, ఎంత సంబరమో. "అయ్యో, మీరేనా! ఉండండి, పిల్లలకు చెబుతాను!" హాల్వర్ "మంగళవారం సాధన ఆపండి, శనివారం నేనే వస్తాను" అన్నాడు. "శనివారమా! భలే రోజు, ఊరంతా ఇక్కడే ఉంటుంది" అందామె. ఫోన్ పెట్టేశాక అతను నా మొహం చూడకుండా అన్నాడు. "ఫోన్‌లో చెప్పలేకపోయాను. నువ్వు రావక్కర్లేదు."

నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, వెళ్ళకుండా ఉండటం ఇంకా కష్టం కాబట్టి.

ఆ శనివారం ఊరందరూ కలిసి బడిని శుభ్రం చేసే రోజు. ఏటా వసంతంలో చేసే పని అది, రానివాళ్ళ గురించి ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. కొందరు ఆకులు ఊడుస్తున్నారు, కొందరు కంచె బాగుచేస్తున్నారు. గుత్తోర్మ్ నిచ్చెన మీద నిలబడి, నీళ్ళ వైపున్న గోడకు ఎర్రరంగు వేస్తున్నాడు. మమ్మల్ని చూడగానే బ్రష్షు ఊపాడు.

"ఓహో, సినిమా పెద్దాయన! రావయ్యా రా. లెక్కలమ్మను వెంటబెట్టుకు రాలేదా?"

అప్పటికే పిల్లలు హాల్వర్‌ను చుట్టుముట్టి చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. గుత్తోర్మ్ కూతురు సున్నివ అందరికంటే ముందుంది, ముందు పళ్ళు రెండు కొత్తగా వస్తున్నాయి.

"సినిమాయనా, సినిమాయనా! మేం పరుగెత్తి చూపించాలా? ఇవాళ డెబ్బై ఐదు కొడతాం!"

"చూపించండి. కానీ ఒక్క షరతు. మధ్యలో నేను ఈల వేస్తాను. ఈల వినగానే ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోవాలి. కాలు కూడా కదపకూడదు" అన్నాడు హాల్వర్.

"ఎందుకు?"

"ఆగాక చెబుతాను."

పిల్లలు నా చేతికి ఒక చిన్న కాగితం జెండా ఇచ్చి పై రోడ్డు మీద నిలబెట్టి, తిరిగి తరగతుల్లోకి వెళ్ళారు. గమ్యం నేనే. పైనుంచి బడి, ఆవరణ, మెలికలు తిరిగిన కాలిబాట అంతా కనిపిస్తోంది. అవతలి కొండ మీద ఎండ పడుతోంది. పెద్దవాళ్ళు పనులాపి నవ్వుమొహాలతో కంచె దగ్గరికి చేరారు. ఆస్లౌగ్ గంట కొట్టింది.

తలుపులు తెరుచుకున్నాయి. ఎంత బాగా పరుగెత్తారో! ఒక్కరూ తోసుకోలేదు. పెద్దపిల్లలు చిన్నవాళ్ళ చేతులు పట్టుకున్నారు. చివరి పిల్ల బూటు ఊడితే ఆస్లౌగ్ ఆ పిల్లను చంకనేసుకుని, బూటు చేత్తో పట్టుకుని నడిచింది. ఆరునెలల కష్టం ఆ పరుగులో కనిపిస్తోంది. తల్లులు పేర్లు పెట్టి అరుస్తూ చప్పట్లు కొడుతున్నారు.

ఈల మోగింది.

అందరూ ఆగిపోయారు. చెప్పిన మాట అంత బుద్ధిగా వినే పిల్లల్ని నేను మళ్ళీ చూడలేదు. అందరికంటే ముందున్న ఇద్దరు మగపిల్లలు బాట మధ్యలో, ఒంటికాలి మీద ఊగుతున్నారు. సున్నివ కట్టెల కొట్టం పక్కన, ఒకటో తరగతి వాడి చెయ్యి పట్టుకుని ఉంది. ఎనిమిదిమంది ఇంకా కింద బడి ఆవరణలోని జెండా స్తంభం దగ్గరే ఉన్నారు. ఆస్లౌగ్ చంకలో పిల్లతో మెట్టు మీద ఉంది.

హాల్వర్ బాట మొదట్లోకి నడిచి వచ్చాడు. గొంతు పెంచాల్సిన పని లేకపోయింది, అంత నిశ్శబ్దంగా ఉంది.

"నీళ్ళు ఇప్పుడొచ్చేశాయి" అన్నాడు.

"రాలేదు!" సున్నివ కదలకుండానే అరిచింది. "ఇంకా సగం ఉంది! ఎనభై కదా!"

"నలభయ్యే, తల్లీ. సీగ్రున్ చెప్పిందే నిజం. మిగతా నలభై నేను కలిపాను."

"ఎందుకు కలిపావు?"

హాల్వర్ నలిగిన చేతిని జేబులో దాచుకోలేదు.

"చూడ్డానికి బావుంటుందని" అన్నాడు.

ఆ పిల్లకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళకు అర్థమైంది. ఎవరూ అతన్ని తిట్టలేదు. తిడతారనే నేను ఎదురుచూశాను, తిడితే కాస్త తేలికయ్యేదేమో. గుత్తోర్మ్ నిచ్చెన దిగి, రంగు కారుతున్న బ్రష్షు గడ్డిలో పడేసి నడుచుకుంటూ వచ్చాడు. ఆస్లౌగ్ దగ్గర మొదలుపెట్టి, ఆగిపోయిన పిల్లల మధ్య ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెడుతూ, పైకి వినపడేలా లెక్కపెట్టాడు. కూతురి తల మీద చెయ్యి పెట్టినప్పుడు ఆ అంకె పలకకుండా వదిలేసి తర్వాతి దానికి పోయాడు. బాట మధ్యలో ఉన్న మగపిల్లల దగ్గర ఇరవై మూడు అని ఆగాడు. ఆగి, తల పైకెత్తి, ఖాళీగా ఉన్న మిగతా బాటంతా చూశాడు. ఆ చూపు వచ్చి వచ్చి నా దగ్గర నిలబడింది.

హాల్వర్ మాత్రం నా వైపు చూడలేదు. నేను దిగి వెళ్ళి అతని పక్కన నిలబడి, "ఆ నలభై ఇద్దరం కలిపాం" అని ఉండాల్సింది. దిగడానికి నిమిషం కూడా పట్టదు. నోట్లోకి వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది. కాగితం జెండా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అల వచ్చే వేళకు పై రోడ్డు మీదికి చేరినదాన్ని నేనొక్కదాన్నే.